చూశానని చెప్పాను

ఇరవై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేకపోయాను, బయటికి అనలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నేను మళ్ళీ ఏదో ఒకటి కలిపి చెబుతాను. అలా కలిపి చెప్పడం నాకు చేతనైన పని అని, ఈ కాగితాలు పూర్తయ్యేసరికి మీకే అర్థమవుతుంది.

రెండు తప్పులు చేశాను. మొదటిది ఒక కవరు మార్చడం. రెండోది ఒక మనిషి మీద లేని మాట చెప్పడం. మొదటిది ప్రేమకొద్దీ చేశానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండోదానికి మాత్రం ఎంత వెతికినా మంచి పేరు దొరకలేదు.

అప్పటికి మా భిలాయి ఉన్న రాష్ట్రం కొత్తగా విడిపోయింది. ఆఫీసుల బోర్డుల మీద మధ్యప్రదేశ్ అన్న అక్షరాలు ఇంకా రంగు కింద నుంచి కనబడుతుండేవి. నాకు ముప్పై రెండేళ్ళు. మాది విజయనగరం పక్కన పల్లె. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే అన్నయ్య భిలాయి తీసుకొచ్చాడు. అన్నయ్యకు ఉక్కు ప్లాంటులో ఉద్యోగం, రిసాలిలో క్వార్టరు. నన్ను పెంచింది మాత్రం మేరీ వదిన. నర్సు ట్రైనింగులో చేర్పించింది తను. పెళ్ళి చేసి ఖుర్సీపార్‌లో కాపురం పెట్టించింది తను. వదిన ఏం అడిగినా కాదనే పరిస్థితి కాదు నాది. కానీ వదిన ఏమీ అడగలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఆమె మీదకు నెట్టకుండా.

నేను పనిచేసింది కోహ్కాలో ఒక లేడీ డాక్టరు దగ్గర. పేరు చెప్పను. మేడం అనే పిలిచేవాళ్ళం. హిందీ ఆవిడ. రష్యాలో చదివి వచ్చింది. అక్కడి ఆసుపత్రుల్లో ఆడవాళ్ళ ఇన్‌ఫెక్షన్లకు సన్నటి ఎర్రటి కాంతితో వైద్యం చేయడం చూసిందట. తెల్లబట్ట, దురద, వాసన. చాలామంది ఆడవాళ్ళకు వచ్చేదే. మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది. కొందరికి రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ వస్తుంది. కాంతి పెడితే తగ్గుతుందా? నిజంగా తగ్గుతుందా, లేక వైద్యం జరిగిందన్న ధైర్యంతో తగ్గినట్టు అనిపిస్తుందా? అది తేల్చాలని మేడం పట్టుదల.

అందుకని రెండు యంత్రాలు తెప్పించింది. చూడ్డానికి రెండూ ఒకటే. తెల్ల పెట్టె, దానికో గొట్టం, చివర ఎర్రటి వెలుగు. ఒకదాని మీద ఒకటి అని, ఇంకోదాని మీద రెండు అని రాసి ఉండేది. ఒకదానిలో అసలైన కాంతి, రెండోదానిలో ఉత్త లైటు. ఏది ఏదో పంపినాయన ఒక ఉత్తరంలో రాసి, అంటించి, మేడం బీరువాలో పెట్టించాడు. ప్రయోగం అయ్యేదాకా ఆమె కూడా తెరవకూడదు. వచ్చినవాళ్ళలో ఎవరికి ఏ యంత్రమో కవర్లు చెబుతాయి. వరసగా నంబర్లు వేసిన కవర్లు. మనిషి వచ్చినప్పుడు వరసలో ఉన్న కవరు తెరిస్తే లోపల ఒకటి అనో రెండు అనో ఉంటుంది. రోజు విడిచి రోజు ఆరుసార్లు కాంతి పెట్టాలి. ముందూ, నాలుగోసారికీ, చివరా స్లైడు తీసి పరీక్షకు పంపాలి. మధ్యలో ఇంకే మందూ వాడకూడదు. వాడితే ప్రయోగం నుంచి తీసేస్తారు. మూడు వారాలకు తగ్గనివాళ్ళకు మాత్రలు ఇస్తారు. ఇదంతా ఫారంలో హిందీలో ఉండేది. మన తెలుగు ఆడవాళ్ళకు చదివి, చెప్పి, వేలిముద్రో సంతకమో తీసుకోవడం నా పని. కాంతి పెట్టడం కూడా నా పనే. బీరువా తాళం నా దగ్గరే.

మనవాళ్ళు ఊరికే ఒప్పుకుంటారా? ఒకావిడ గొట్టం వంక చూసి, "లోపల ఫొటో తీస్తారేటి?" అంది. ఇంకొకావిడ పిల్లలు పుట్టకుండా చేసే మిషనేమోనని లేచి వెళ్ళిపోయింది. అత్తగార్లు వెంట వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, నా మొహంలో ఏదో వెతికేవారు. నేను అందరికీ ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇది ఎవరికైనా వస్తుందమ్మా, సిగ్గుపడాల్సింది లేదమ్మా, ఎవరి దగ్గర నుంచో అంటుకున్నదే అనుకోకూడదమ్మా. ఎన్నిసార్లు చెప్పానో. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత బాగా వచ్చు నాకా మాట. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ మాట నోట రావలసిన ఒక్క రోజున రాలేదు.

వాళ్ళ అనుమానాలు చూసి లోపల నవ్వుకునేదాన్ని. నాలో అంతకంటే పెద్ద అనుమానం ఉందని అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు. మేడంకి నిజంగా తెలియదా? ఉత్తరం నిజంగా తెరవలేదా? ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్ల నుంచి ఆఫీసర్ల భార్యలు వచ్చినప్పుడు ఎక్కువగా ఒకటో యంత్రమే పడుతున్నట్టు నాకు తోచింది. మన ఖుర్సీపార్ వాళ్ళకు రెండోది. లెక్క కట్టి చూశానా? లేదు. తోచింది, అంతే. ఒకసారి తోచాక ప్రతిదీ దానికి సాక్ష్యంలాగే కనబడింది. మేడం ఆఫీసరు భార్యతో నవ్వుతూ మాట్లాడితే అదొక సాక్ష్యం. నాతో ముక్తసరిగా మాట్లాడితే అదింకొకటి.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు రెండు యంత్రాలూ వేసి, గొట్టాల చివర్లు రెండు అరచేతుల్లో పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను. ఒకటోది వెచ్చబడింది. రెండోది చల్లగానే ఉంది. ఇంకేం కావాలి? వెచ్చగా ఉన్నదే పనిచేసేది. చల్లగా ఉన్నది ఉత్తది. ఎవరినీ అడగలేదు. అడిగితే నేను ముట్టుకున్నట్టు తెలుస్తుంది. పైగా, అడగాల్సిన అవసరం ఏముంది, నాకు తెలిసిపోయింది కదా అనుకున్నాను.

వదినకు రెండేళ్ళుగా ఈ బాధ. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నాకు కూడా చెప్పలేదు చాలాకాలం. ఒక ఆదివారం ప్రార్థన అయి ఇంటికొచ్చాక, అంట్లు తోముతూ, నా వైపు తిరక్కుండానే చెప్పింది. అన్నయ్య మంచం వరండాలోకి మార్చుకున్నాడట. ఒకరోజు అడిగాడట కూడా.

"ఇది నీకెక్కడ్నించి వచ్చింది మేరీ? నాకైతే ఏం లేదే." అంతే అన్నాడట. ఆ ఒక్క ప్రశ్నకు వదిన సగం మనిషైపోయింది. పాటలు పాడే మనిషి. చర్చిలో ఆమె గొంతు విని పక్కవాళ్ళు శ్రుతి సరిచేసుకునేవారు. ఆ గొంతు పోయింది. నేను వెళ్ళి అన్నయ్యను కూర్చోబెట్టి చెప్పాను. ఇది అలా వచ్చేది కాదని, ఎవరికైనా వస్తుందని. తల ఊపాడు. మంచం మాత్రం వరండాలోనే ఉంది. భర్త అనుమానం ఆడమనిషిని ఏం చేస్తుందో నేను పుస్తకంలో చదువుకోలేదు. మా ఇంట్లోనే చూశాను. చూసి కూడా ఆ తర్వాత నేను చేసింది చేశాను.

వదినను క్లినిక్‌కు రమ్మన్నాను. ఆ ముందురోజు సాయంత్రం కవర్లు తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. కాగితం పలచన. లోపలి అంకె కనబడింది. వదిన వంతుకు వచ్చే కవరులో రెండు. దాని కింద కవరులో ఒకటి. పైన నంబర్లు పెన్సిలుతో వేసినవి. రబ్బరుతో చెరిపాను, తిరగరాశాను. రెండు నిమిషాల పని. చల్లటి గొట్టం కింద మా వదినను పడుకోబెట్టి, తగ్గుతుందిలే అని ఎలా చెప్పను? అది మాత్రమే ఆలోచించాను. కింది కవరు ఎవరిదవుతుందో ఆలోచించలేదు. ఆలోచించలేదా? మర్నాడు ఎవరెవరు వస్తున్నారో రిజిస్టరులో నేనే రాశాను. వదిన తర్వాత పేరు రాములమ్మ. నాకు తెలుసు.

రాములమ్మ మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. పలాస వైపు మనిషి. భర్త అప్పలస్వామిది ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు పని. ఎనిమిదేళ్ళ కూతురు లక్ష్మి. రాములమ్మ ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని, లంగాలు, జాకెట్లు, ప్లాంటు వాళ్ళ ఖాకీ బట్టలకు చిరుగులు, అన్నీ కుట్టేది. నా యూనిఫాం తెల్ల చీరకు ఫాల్స్ కుట్టింది కూడా ఆమే. ఫారం చదువుతుంటే సగంలోనే ఆపింది.

"సదవక్కర్లేదక్కా. నువ్వున్నావు గదా, నాకేటి బయం? ఎక్కడెట్టాలో సెప్పు, ఏలిముద్రేసెత్తాను."

చదివే తీరాలని నేను పూర్తిగా చదివాను. రూలు ప్రకారం. ఉత్త లైటు పడే అవకాశం ఉందన్న వాక్యం కూడా చదివాను, ఆమెకు ఏం పడబోతోందో తెలుసనుకుంటూనే. ఆమె కాస్త తటపటాయించి అడిగింది.

"నాది ఉత్త లైటు అవదు గదా అక్కా?"

"నీకు అసలైందే పడుతుందిలే," అన్నాను.

కవరు తెరిచాను. రెండు.

ఇక ఆ తర్వాతి రోజుల గురించి చెప్పడానికేముంది. వదిన ఒకటో యంత్రం దగ్గర, రాములమ్మ రెండో యంత్రం దగ్గర. వెచ్చగా హాయిగా ఉందని వదిన అనేది. రాములమ్మకు ఏమీ తెలిసేది కాదు. మూడోసారికి వదిన ఏమీ మారలేదంది. అప్పుడే ఏమవుతుంది, ఆగు, అన్నాను. నాలుగోసారికి రాములమ్మ బల్ల దిగుతూ, చీర సర్దుకుంటూ, మెల్లగా చెప్పింది. దురద పోయిందట. వాసన పోయిందట. ఎన్నాళ్ళకో తేలిగ్గా ఉందట. నా చేయి పట్టుకుని ఊపింది.

నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. ఉత్త లైటుకు తగ్గడమేమిటి? ఎలా తగ్గుతుంది? ఈమె ఏదో చేస్తోంది. రాములమ్మ ఇంటి ఎదుట మందుల షాపు ఉంది. షాపాయన భార్య ఈమె దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది. మాత్రలు తెచ్చుకుని దాచి వేసుకుంటోంది. లేకపోతే ఎలా తగ్గుతుంది? నేను చేసిన మోసం నాకు తెలుసు కాబట్టి, ఆమె కూడా ఏదో మోసం చేస్తోందని నమ్మడం నాకు చాలా తేలికైంది. ఆ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు ఇలా తెలియలేదు. అప్పుడు నేను నిజాయితీగా ప్రయోగాన్ని కాపాడుతున్నాననే అనిపించింది.

రెండు రోజులు ఆమెను కనిపెట్టి చూశాను. ఆమె షాపు ముందు నిలబడి మాట్లాడుతుంటే కిటికీ సందులోంచి చూశాను. కొంగులో ఏదో ముడివేస్తుంటే చూశాను. అది తాళంచెవి కావచ్చు. సూదులపొట్లం కావచ్చు. నీళ్ళు తాగుతుంటే కూడా అనుమానమే.

ఐదోసారి కాంతి పెట్టాల్సిన రోజు పొద్దున్నే మేడం గదిలోకి వెళ్ళాను. రాములమ్మ దొంగచాటుగా మాత్రలు వేసుకుంటోందని చెప్పాను. మేడం కలం కింద పెట్టింది. "తుమ్‌నే ఖుద్ దేఖా?" అని అడిగింది. నువ్వే స్వయంగా చూశావా అని.

ఇక్కడ ఆగాలి. ఇన్నేళ్ళలో ఈ కథ నాలో నేను చెప్పుకున్న ప్రతిసారీ, ఇక్కడ ఒక మాత్రల పట్టీ కనబడేది. వెండిరంగు పట్టీ. రాములమ్మ మిషను సొరుగులో, దారపు ఉండల పక్కన. అంత స్పష్టంగా ఉండేది. ఒక్కోసారి అందులో ఎన్ని మాత్రలు అయిపోయాయో కూడా కనబడేది. కానీ నేను ఆ సొరుగు ఎప్పుడు తెరిచాను? ఏ రోజున? ఏ పని మీద వెళ్ళాను? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. ఎందుకంటే తెరవలేదు. పట్టీ లేదు. మేడం అడిగిన ప్రశ్నకు జవాబుగా, ఆ క్షణాన, అక్కడే నిలబడి, నేను తయారుచేసిన పట్టీ అది.

"చూశాను మేడం. మిషను సొరుగులో," అన్నాను.

రాములమ్మ వచ్చింది. ఆ రోజు హాల్లో ఏడెనిమిది మంది ఉన్నారు. మేడం చెడ్డ మనిషి కాదు, కానీ ఎన్నో నెలల కష్టం పాడవుతోందన్న కోపంలో తలుపు వేయడం మరిచిపోయింది. హిందీలో గట్టిగా అడిగింది. రాములమ్మకు హిందీ బాగానే వచ్చు. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత, "నహీ మేడం, కసమ్ సే," అంది, లేదు, ఒట్టు అని. రెండుసార్లు అంది. మూడోసారి మేడం వైపు కాకుండా నా వైపు చూసి తెలుగులో అంది.

"అక్కా, నువ్వు సెప్పు. నేనేటీ ఏసుకోలేదు గదా. నువ్వు సెప్పక్కా."

నేను దూది సర్దుతూ ఉన్నాను.

మేడం ఆమె పేరు కొట్టేసింది. మాత్రలకు చీటీ రాసిచ్చింది. ఆ చీటీ రాములమ్మ తీసుకోలేదు. తీసుకుంటే నేరం ఒప్పుకున్నట్టవుతుందనుకుందేమో. బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటుంటే హాల్లో ఆడవాళ్ళు కాళ్ళు పక్కకు జరుపుకున్నారు.

ఖుర్సీపార్‌లో మాట ఎంతసేపట్లో తిరుగుతుంది? మూడో రోజుకు అప్పలస్వామి నా కోసం క్లినిక్ బయట కాసుకుని ఉన్నాడు. షిఫ్టు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద మసి ఉంది. మంచివాడే. భార్య మీద ఎప్పుడూ గొంతెత్తి ఎరగడు. నేను సైకిలు తీస్తుంటే వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"అక్కా, దాసి మందులేసుకోవాల్సినంత రోగం ఏటొచ్చింది దానికి? అంటురోగమేటి? ఎవులి దగ్గిర్నించైనా వచ్చీదా?"

ఆ జవాబు నాకు వచ్చు. రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని. ఎవరికైనా వస్తుంది బాబూ, ఆవిడ తప్పేం లేదు, మాత్రలు కూడా వేసుకోలేదు. మూడు ముక్కలు. కానీ మొదటిది చెబితే మూడోది కూడా చెప్పాల్సి వస్తుందేమోనని భయం వేసింది. అతను వెళ్ళి మేడంని అడుగుతాడేమో. మేడం సొరుగు సంగతి మళ్ళీ అడుగుతుందేమో. కవర్లు తీస్తుందేమో. చెరిపిన పెన్సిలు గుర్తులు చూస్తుందేమో. ఇవన్నీ ఒక్కసారిగా మీదకు వచ్చాయి.

"పేషెంటు సంగతులు నేను చెప్పకూడదు. రూలు," అన్నాను.

అతను చెయ్యి తీసేశాడు. ఆ మాటను అతను ఎలా అర్థం చేసుకుంటాడో నాకు తెలియదా? మా వదిన అంట్లు తోముతూ మొహం దాచుకున్న సంగతి అప్పుడు గుర్తు రాలేదా? వచ్చింది. సైకిలెక్కి వెళ్ళిపోయాను.

వారం తిరక్కుండా రాములమ్మను పలాస రైలెక్కించాడు. పూర్తిగా బాగయ్యేదాకా పుట్టింట్లో ఉండమన్నాడట. కూతురిని పంపలేదు. అంటుతుందని. లక్ష్మిని చూసుకోవడానికి అతని తల్లి వచ్చింది. ఆ పిల్ల రోజూ బడికి నా ఇంటి ముందునుంచే వెళ్ళేది. నాయనమ్మ చేత్తో వేసిన జడలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేవి. తల్లి మిషను మీద దుప్పటి కప్పి ఉంచారు. పదకొండు నెలలు. ఇది నేను ఎవరూ చెప్పగా విన్నది కాదు. నెలనెలా లెక్క పెట్టుకున్నాను.

వదినకు మూడు వారాలైనా తగ్గలేదు. రూలు ప్రకారం మాత్రలు ఇచ్చారు. పది రోజుల్లో తగ్గింది. తర్వాత ఎప్పుడో ఒకసారి వచ్చినా అన్నయ్య మంచం మళ్ళీ వరండాలోకి పోలేదు. నేను కవరు మార్చకపోయినా ఆమెకు ఇంతకన్నా నష్టం జరిగేది కాదు. అది తెలుసుకోవడానికి నాకు ఒక నెల సరిపోయింది.

ప్రయోగం ముగిసిన రోజు మేడం అందరి ముందూ ఆ ఉత్తరం తెరిచింది. చదివి, మామూలుగా, ఏదో పప్పులో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. ఒకటో యంత్రంలో ఉన్నది ఉత్త ఎర్రబల్బట. బల్బు కాబట్టి వెచ్చబడేది. అసలైన కాంతి రెండోది. అది ఎంతసేపున్నా వేడెక్కదట.

అంటే మా వదినకు నేనే చేతులారా ఉత్తది పెట్టాను. రాములమ్మకు పడింది అసలైనది. నీకు అసలైందే పడుతుందని నేను ఆడిన అబద్ధం నిజమై కూర్చుంది. ఆమెకు తగ్గిందంటే నిజంగానే తగ్గింది. ఆ కాంతి వల్లే తగ్గిందా? చెప్పలేను. ఒక్కరికి తగ్గితే వైద్యం పనిచేసినట్టు కాదని మేడమే అంటుండేది. అందుకే కదా అంతమందిని చేర్చింది.

అందరూ వెళ్ళాక మేడం స్లైడుల కాగితాలన్నీ ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, ఏదీ తేల్చి చెప్పలేనంది. "ఆ టైలరు అమ్మాయి కాగితం బాగుంది. నాలుగుసార్లకే స్లైడు శుభ్రంగా వచ్చింది. పాపం, మందులు వేసుకోకుండా ఉంటే బాగుండేది," అని హిందీలో అంది. నా వైపు చూసింది. అప్పుడు చెప్పవచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆమె నన్ను అనుమానించిందా? కొన్నిసార్లు అవుననిపిస్తుంది. అంతసేపు ఎందుకు చూసింది మరి? లేక అలసిపోయి ఊరికే చూసిందా? నాలా ఎదుటివాళ్ళ చూపుల్లో సాక్ష్యాలు వెతకడం అందరికీ ఉండదు. నేను టీ తెస్తానని బయటికి వచ్చాను. మరుసటి ఏడాదికి ఆమె క్లినిక్ ఎత్తేసి వేరే ఊరు వెళ్ళిపోయింది. యంత్రాలు ఎటు పోయాయో తెలియదు. ఆమె తేల్చాలనుకున్న ప్రశ్న నా వల్ల ఎంత చెడిందో కూడా తెలియదు.

రాములమ్మ తిరిగొచ్చింది. పలాసలో ఎవరో డాక్టరమ్మ అప్పలస్వామిని పిలిపించి, కూర్చోబెట్టి చెప్పిందట, ఇది అలాంటి జబ్బు కాదని. నేను రోడ్డు మీద చెప్పాల్సిన మాటే. అతను వెళ్ళి తీసుకొచ్చాడు. ఆమె వచ్చిన మూడో రోజు వీధి కుళాయి దగ్గర ఎదురుపడ్డాం. బాగా చిక్కిపోయింది. నా బిందె నిండుతోంది. ఆమె పక్కన నిలబడి, నీళ్ళ వంకే చూస్తూ అంది.

"అక్కా, నేను మాత్రలేసుకోలేదు."

అడుగుతున్నట్టు కాదు, నిందిస్తున్నట్టు కూడా కాదు. పొరపాటున నాకు తెలియదేమో, తెలియజేద్దామని చెప్పినట్టు.

"అయిపోయిందిలే రాములమ్మా, ఇప్పుడెందుకది," అన్నాను. బిందె ఎత్తుకుని వచ్చేశాను. సగమే నిండింది.

ఆమె మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. తొమ్మిదేళ్ళు అదే కుళాయి, అదే వీధి. ఎదురైతే పలకరించేది. పండక్కి అరిసెలు పంపేది. తను మాత్రం నా గడప తొక్కలేదు. నా బట్టలు నేను వేరేచోట కుట్టించుకున్నాను. ఆమెకు అనుమానం ఉందా? నేనే చెప్పానని తెలుసా? తెలిసే పలకరించేదా? పలకరించిన ప్రతిసారీ ఆ మాటలో ఇంకో మాట ఉందేమోనని తడుముకునేదాన్ని. ఒక మనిషి నన్ను మామూలుగా చూస్తోందని నమ్మే శక్తి నాలో పోయింది. అది ఆమె వేసిన శిక్ష కాదు. ఆమె ఏ శిక్షా వేయలేదు.

లక్ష్మి పెళ్ళయి రాయ్‌పూర్‌లో ఉంది. అప్పలస్వామి పోయాక రాములమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోను నంబరు మా వీధిలో అందరి దగ్గరా ఉంది, నా దగ్గర కూడా. వదినకు ఇప్పుడు డెబ్భై దాటాయి. తన కోసం నేనేం చేశానో తనకు తెలియదు. తెలిస్తే ఆమె పాటలు మళ్ళీ ఆగిపోతాయేమోనన్న సాకు ఒకటి నా దగ్గరుంది. అది సాకేనని నాకు తెలుసు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు చేయగలిగింది కాదు. ఫోను చేస్తానని మాట కూడా ఇవ్వను. నా మాటల విలువ ఎంతో పైన చదివారు కదా. ఈ కాగితాల మీద ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాను. రెండుసార్లు, సొరుగులో పట్టీ ఉన్నట్టే రాసి, చించేశాను. ఈసారి లేదని రాశాను. ఆ ఒక్క వాక్యం రాశాక లేచి, తలుపు తీసి, గుమ్మంలో నిలబడ్డాను. వీధిలో ఎవరో స్కూటరు కడుగుతున్నారు. నన్ను చూసి తలెత్తి, "ఏటి అక్కా, బాగున్నావా?" అన్నారు. వాళ్ళెందుకు అడిగారా అని నేను ఆలోచించలేదు. బాగున్నానని కూడా అనలేదు. ఊపిరి మాత్రం ఎక్కడా అడ్డంపడకుండా చివరిదాకా వచ్చింది.